నీళ్లు లేని లంక

పేరు పిలిచేది మధ్యాన్నం పైనే అన్నాడు బంట్రోతు.
అప్పటికి టైము తొమ్మిదిన్నర.
చేతిలో టిఫిన్ డబ్బా,
అయిదేండ్లుగా మడతలు చిరిగిన భూమి కాగితాలు.
పలమనేరు బస్సు సాయంత్రానికి గాని లేదు.

కోర్టు గోడ పక్కన జెరాక్సు బంకులో
చెంగల్రాయుడు మిషన్ మీద అరచెయ్యి పెట్టుకోని ఉండాడు.
దాని వేడిని బట్టి పొద్దుట్నించి ఎన్ని కాపీలు పడినాయో చెప్తాడు.
చూపు లేదు.

"ఈ చిత్తూరులో చూసేదానికి ఏముందన్నా?"
"ఎవురు చూసినారు గనక!
కాణిపాకం పొయ్యేవాళ్లు ఆగరు, కొండకు పొయ్యేవాళ్లు ఆగరు,
రాయవేలూరు ఆస్పత్రికి పొయ్యేవాళ్లు అసలే ఆగరు.
ఆపక్క అరవం, ఈపక్క కన్నడం, నడిమధ్యన మనం.
నీళ్లు లేని లంక మ్మా ఇది.
నడిచి చూడు. దారి నేను చెప్తా, రాసుకో."

పాత వకాల్తా కాగితం వెనక రాసుకున్నా.

*గేటు దాటి ఎడమకు. టైపు మిషన్ల చప్పుడు ఆగిపొయ్యేదాకా.*
*ఎండ కుడిచెంప మీద పడతా ఉంటే దారి సరైందే.*
*బజ్జీల వాసనొస్తే తొందరపడి తిరిగినట్టు. ఎనక్కి రా.*

రెండుసార్లు బజ్జీల వాసనొచ్చింది.
రెండోసారి నాలుగు తిన్నా.

*బెల్లం మండీలో ధర అడగొద్దు, కొనేదాకా వదలరు.*
గోనెపట్టల కింద బంగారు రంగు ముద్దలు,
వాటి మీద ఈగలు, ఈగల మీద ఒక ముసలాయన విసనకర్ర.
తువ్వాలు కింద ఏళ్లు పట్టుకోని బేరం జరగతా ఉంది.
లెక్క అరవంలో,
తిట్టు మాత్రం తెలుగులో.

*చర్చి వీధిలో గంట మోగకపోయినా ఆగు.*
*గోడ నీడలో చెప్పులిడిసి నిలబడు.*
నిలబడినా.
బడికి పోని పిల్ల ఒకతి నన్ను చూసి
తనూ చెప్పులిడిసింది.
ఎందుకని అది అడగలేదు, నేనూ చెప్పలేదు.
నేల చల్లగా ఉంది, అంతే.

నీవా వంతెన మీద కింద నీళ్లున్నాయేమోనని వంగి చూసినా:
తుమ్మకంప, రెండు బర్రెలు, వికెట్లకు మూడు ఇటుకలు.
అప్పుడు కాగితం తిప్పి చదివితే
*నీళ్లుండవు. అందురికీ తెలుసు.*
*అయినా అందురూ వంగి చూస్తారు. నువ్వూ చూసే ఉంటావు.*
నడి వంతెన మీద ఒక్కదాన్నే నవ్వుకున్నా.

ఆఖరిది టాకీసు.
*టికెట్టు కిటికీ కాడ రాయి గుంట పడి ఉంటుంది,*
*ముప్పై ఏండ్ల మోచేతులకు. నీదీ పెట్టి చూడు.*

టాకీసు లేదు.
నీలం రేకుల కంచె, లోపల జేసీబీ,
ఎవురో కట్టబొయ్యే అంగళ్ల బొమ్మ.
"పడగొట్టి ఆర్నెల్లాయె," అన్నాడు టెంకాయల బండి మనిషి.
ఆయన కాయలు కొట్టేది ఒక బండ మీద.
ఆ బండకు ఒక అంచున
నున్నగా గుంట.

తిరిగొచ్చేసరికి చెంగల్రాయుడు అడిగిన మొదటి మాట,
"టాకీసు ఉందా?"
ఎంత సేపు ఆలోచించినానో తెలీదు.
"రాయి ఉంది," అన్నా.
ఆయన మిషన్ మీద చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
"అంటే తక్కింది లేదు.
మావోళ్లను అడిగితే ఉందనే చెప్తా ఉండారు,
పాపం, నేను బాధపడతానని."
లోపల ఎవురి పేరో పిలస్తా ఉండారు. నాది గాదు.
"మోచెయ్యి పెట్టినావా?"
"పెట్టినా."
"పట్టిందా?"
"ఇంకొకరిది గూడా పడుతుంది."

నాలుగు గంటలకు పిలిచినారు.
జడ్జిగారు తలెత్తకుండానే వచ్చేనెల పద్దెనిమిది అన్నారు.
వాయిదా పడితే శాపనార్థాలు పెట్టకుండా మెట్లు దిగింది
ఈ అయిదేండ్లలో అదే మొదలు.

బంకు మూసేస్తా ఉండాడు.
"పద్దెనిమిదా? మేలు.
ఊరు ఇంకా సగముంది.
గట్టి చెప్పులేసుకోని రా మ్మా,
ఆపక్కంతా ఎక్కుడు."