ఇరవై ముఖాల పాచిక

రీగాలో ఫిబ్రవరి. దౌగవ నది మీద మంచు
అక్కడక్కడ పగిలిన గాజుపెంకు.
గంట కొట్టుకుంటూ వంపు తిరిగే ట్రాముల్లో
మా కింది వాటా ఇల్గ్వార్స్ టికెట్లు తనిఖీ చేస్తాడు.
పై వాటాలో నేను
పదకొండేళ్ళుగా అతని మీద సమీకరణాలు రాస్తున్నాను.

ఈ సంగతి చెప్పినప్పుడు టోపీ తీసి తల గోక్కున్నాడు.
"నా గురించా, స్కైద్రీతె? మా ఆవిడ కూడా
అంతగా ఆలోచించలేదే!"

టికెట్టు రెండు యూరోలు, జరిమానా నలభై.
ఇరవై బళ్ళకి ఒకటి ఎక్కితే చాలు,
కొన్నా మానినా ప్రయాణికుడికి ఒకటే.
ఇంకాస్త ఎక్కువ ఎక్కావా, అందరూ కొంటారు, నీ శ్రమ దండగ.
తగ్గించావా, ఎవరూ కొనరు.
ఆ సన్నని గట్టు మీద
పిల్లికి చెలగాటం లేదు, ఎలుకకి ప్రాణసంకటం లేదు.
మేం దాన్ని సమతౌల్యం అంటాం.

ఏ బండి అన్నది మాత్రం నువ్వు ఎంచకూడదు.
మనసుకి అలవాట్లుంటాయి, దొంగ వాటిని పసిగడతాడు.
అందుకని ఇరవై ముఖాల పాచిక ఇచ్చాను.
ఒకటి పడితే ఎక్కు.
లేదంటే చలిలో నిలబడు.

మరుసటేడు జరిమానా ఎనభై చేశారు.
ఇక దొంగలకి కాలం చెల్లిందని పేపర్లో పెద్దక్షరాలు.
నేను కాగితం మీద గీసి చూశాను.
దొంగలు తగ్గరు. తగ్గేది తనిఖీలే, నలభైకి ఒకటి.
పట్టినందుకు ఇచ్చే కొసరు మారలేదు గనక
దొంగల లెక్క తేల్చేది జరిమానా కాదు,
ఇల్గ్వార్స్ మోకాళ్ళ నొప్పి.
ఇల్గ్వార్స్ లెక్క తేల్చేది అవతలివాడి జేబు.
నా అడుగు ఎంత పొడవో నీ కాళ్ళు చెబుతాయి,
నీ అడుగు ఎంతో నావి.
నిరూపణ ఆరే పంక్తులు.
ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పొద్దున పాచికకి తోడు ఒక నాణెం ఇచ్చాను.

మంచు కరిగాక చిట్టా తెచ్చి బల్ల మీద పెట్టాడు,
టీ మరకలతో, వేసిన ప్రతి పందెమూ రాసి.
అంతా సక్రమమైన అక్రమం. ప్రాణం లేచొచ్చింది.
ఒక్క స్టాపు తప్ప.
పిల్లల ఆసుపత్రి దగ్గర
నాలుగు వందల సార్లు వేస్తే
ఒక్కసారీ ఎక్కే పందెం పడలేదు.
అలా జరగడం పాతిక వేలల్లో ఒక్కటి.

"పాచిక అరిగిందేమో," అన్నాను.
తేలు కుట్టిన దొంగలా కప్పులోకి చూశాడు.
"అక్కడ జేబులోంచి తియ్యను," అన్నాడు చాలాసేపటికి.
"వేసినట్టు రాస్తాను."

అమ్మకాలు తెప్పించి చూశాను.
సిద్ధాంతం పొల్లుపోలేదు. ఆ స్టాపులో కొనేవాళ్ళే లేరు.
బజారు నుంచి క్యారెట్ల సంచులు మోసుకుంటూ
రెండు వీధులు నడిచొచ్చి మరీ అక్కడ ఎక్కుతున్నారు.
"తెలుసులే," అన్నాడు ఇల్గ్వార్స్.

వ్యాసంలోంచి ఆ వరస కొట్టెయ్యలేదు.
అడుగున చిన్నక్షరాల్లో రాశాను:
ఈ గడిలో ఆటగాడి లాభమెంతో మాకు తెలియదు.

సమీక్షకుడు అడిగాడు:
తెలియదా, కొలవలేదా?

మూడు వారాలైంది. జవాబు ఇంకా రాయలేదు.
కింద తలుపు చప్పుడు.
మెట్ల మీద, ఒక్కో మెట్టూ ఆగి ఆగి,
ఆ మోకాళ్ళు.