అద్దంలో నక్షత్రం

హాజరు డెబ్బై ఐదు శాతం, బొటాబొటిగా.
స్టాటిస్టిక్స్ రెండోసారికి గట్టెక్కింది.
డిగ్రీకి ఇక మిగిలింది
రికార్డులో ఒక్క ప్రయోగం,
దానికో మనిషి.

యాకుత్‌పురా గల్లీలో
కరెంటు పోయిన మధ్యాహ్నం
మెహర్ ఖాలా మగ్గం పక్కకు జరిపి
నా ముందు కూర్చుంది.
అద్దంలోనే చూడాలి, చేతిని చూడొద్దు,
రెండు గీతల మధ్య నక్షత్రం గీయాలి.
స్టాప్‌వాచ్ నాది, తప్పుల లెక్క నాది.

మొదటిసారి ఒక్క తప్పు.
రెండోసారి సున్నా.
ఆ తర్వాత అన్నీ సున్నాలే.
నా చాయ్ మీద మీగడ కట్టింది.
"గింతేనా బేటీ?" అంది,
ముప్పై ఏళ్లుగా బట్ట కింద చెయ్యి
కనబడకుండానే సూదికి
జర్దోసీ దారం అందిస్తున్న మనిషి.

పుస్తకంలో గీత మెట్లు దిగుతుంది.
నా గ్రాఫులో నేల మీద పడుకుంది.

వనమాల మేడమ్ కళ్లద్దాలు తీసి
"ఇందులో నేర్చుకోవడం ఎక్కడుందమ్మా?
ఇంకొకర్ని పట్టుకురా" అంది.
సంతకం చేయాల్సిన చోట
పెన్నుమూత పెట్టి మూసింది.

సోమవారం ఆఖరు తేదీ.
అఫ్జల్‌గంజ్ బస్సులో నిలబడి
రికార్డు ఛాతీకి అదుముకుని
సీట్ల మీది చేతులన్నీ చూస్తున్నాను:
టిఫిన్ డబ్బా మీద ఒకటి,
గ్రీజు మరకలతో ఇంకొకటి,
చిల్లర లెక్కపెడుతూ కండక్టరుది.

ఏ పనీ రాని చెయ్యి
ఒక్కటీ దొరకడం లేదు.