తీగ తిన్న వెలుగు

చించినాడ దిగువన రొయ్యల చెరువు గట్టు మీద
పన్నెండు వోల్టుల బ్యాటరీ.
అల్లంత దూరాన రెండు దీపాలు,
ఒకటి తూము కాడ, ఒకటి మేత కొట్లో.
రెండూ గుడ్డివే.
మూడు నెలలుగా బ్యాటరీనే తిడుతున్నాను.

పాలిటెక్నిక్ నుంచి వచ్చిన మా ఎస్తేరు
మేత సంచి చింపి, వెనక బొగ్గుతో గీసింది.
"తీగ కూడా అడ్డే నాన్నా. రెండు ఓమ్‌లు.
అది దాటాకే దారి చీలింది,
కాలవ రెండు బోదెలైనట్టు.
తూము దీపం ఆరు, కొట్టు దీపం మూడు.
ఆరు మూళ్ళు పద్దెనిమిది, తొమ్మిదితో భాగించు.
రెండు."

రెండూ కలిస్తే చిన్నదాని కంటే చిన్నదెలా అయ్యిందే?
"బోదెలు పెరిగితే నీటికి సుళువు కాదా?"
కాకేం. ముప్పై ఏళ్ళు మడవలు కట్టినోణ్ణి.

రెండూ రెండూ నాలుగు.
పన్నెండులో నాలుగు మూడుసార్లు, మూడు ఆంపియర్లు.
పన్నెండు మూళ్ళు ముప్పై ఆరు వాట్లు, మొత్తం.
మరి పంపకం?
కొట్టుకి పన్నెండు. తూముకి ఆరు.
మిగతా పద్దెనిమిది దగ్గర
బొగ్గు ఆగింది.

వంగి తీగ పట్టుకున్నాను.
గోరువెచ్చగా ఉంది.
పగటి ఎండ ఇంకా వదల్లేదనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ.
శివారు చేనుకి నీళ్ళెందుకందవో
ఊరందరికీ చెప్పే నేను
సగం వెలుగు గట్టుకే తాగిస్తున్నాను.

బ్యాటరీ నెత్తికెత్తుకుని కొట్టు వైపు నడిచాను.
వెనకాలే ఎస్తేరు, మోచేతికి తీగ చుట్టుకుంటూ,
"ఆగు నాన్నా,
లెక్క మళ్ళీ కట్టాలి."