పాసంగం

మిర్చి సీజన్ల రాత్రి పది దాటినా
నా చేతుల ఘాటు పోదు.
సబ్బు పెట్టి, కొబ్బరినూనె రాసి, మల్ల సబ్బు పెట్టి
శివనగర్ల సోహైల్ దుకాన్ల కూసుంట.
షట్టర్ సగం కిందికి గుంజి ఉంటది.
గంటకు ఇరవై, నాకు పదిహేను.
ఖాతాల నా పేరు లేదు, 'దడువాయి మామ' అని ఉంటది.

జాయ్‌స్టిక్కు సెకండ్ హాండుది.
దాని స్ప్రింగు మొండి ఎద్దు,
ఎటు వంచినా నడుమకే గుంజుకుంటది.

మొదటి వారమంతా దానితోటి కొట్లాటే.
మామునూరు పాత రన్‌వే మీదికెల్లి లేపుడు,
కాజీపేట పట్టాలు దాటేసరికి ముక్కు కిందికి,
గుంజితే పైకి, ముంజేయి రాయి.
ధర్మసాగరంల ఒకసారి,
మడికొండ గుట్టకు ఒకసారి,
ఎవలదో పత్తి చేన్ల ఒకసారి
(పత్తి గాదది, ఉత్త పచ్చరంగు, గీసినోడు చేను చూసినట్టు లేడు)
కూలిన.
కూలినప్పుడల్లా తెర నల్లగైతది,
నా మొఖమే నాకు కనవడ్తది.

"గంత గట్టిగెందుకు పడ్తవు మామా, ట్రిమ్ ఉన్నది గదా."

అది దొరికినంక ఇంకో ఆగం.
బొటనవేలుతోటి తిప్పుడే తిప్పుడు,
లేపాల్నన్నా అదే, దించాల్నన్నా అదే.
విమానం పైకెక్కుతది, ఏందో యాది మర్సినట్టు ఆగుతది,
కిందికి జారుతది, మల్ల ఎక్కుతది.
కల్లు దుకానం కాడికెల్లి ఇంటికి పోయే సైకిల్.

సోహైల్ కుర్చీ జరుపుకొని పక్కకొచ్చిండు.
"ట్రిమ్‌తోటి ఎగరేయొద్దు మామా.
ముందు చేత్తోటి ముక్కు నిలబెట్టు.
స్పీడు కుదురుకునేదాక ఆగు.
అప్పుడు నీ చెయ్యి మోసే బరువు
ఇంతింత దానికియ్యి.
ఇచ్చినంత నువ్వు ఇడువు."

గా మాట కాడ
మా నాయిన తక్కెడ యాదికొచ్చింది.

కరెంటు కాంటాలు రాకముందు సంగతి.
ఎడమ తట్ట ఎప్పుడూ తేలికే.
పొద్దుగాల్నే, ఒక్క బస్తా దిగకముందే,
నాయిన రెండు తట్టలు ఉత్తగ లేపి
ముల్లు దిక్కు చూసేటోడు.
ఒక తుప్పు నట్టు, రెండు చింతపిక్కలు,
అమ్మ పలిగిన గాజు ముక్క
బట్టపేలికల మూటగట్టి ఎడమ తాడుకు కట్టేటోడు.
వాన పడ్డనాడు తాళ్లు నాని బరువెక్కితే
మూట ఇప్పి ఒక పిక్క తీసేటోడు.
"తూకానికి రాయి ఉన్నదిరా.
పాసంగంతోటి తూచేటోడు దొంగ."

ముప్పై ఏండ్లాయె. ఇయ్యాల సమజైంది.

మూడువేల అడుగులు. నూరు నాట్లు.
ముక్కు చేత్తోటి పట్టిన. ఆగిన.
ఒక్క నొక్కు. చిటికెన వేలు ఇడిసిన.
ఇంకో నొక్కు. ఉంగరం వేలు.
ఇంకోటి ఎక్కువైంది, ఎనుకకు సగం.
స్టిక్కు నడుమకొచ్చి నిలబడ్డది,
నా చెయ్యి గాలిల ఉన్నది,
ఎత్తు ముల్లు కదలలే.

వడ్డేపల్లి చెరువు నీలంగ కిందికెల్లి పోయింది.
హన్మకొండ పోయింది.
నేను లేకుంట గూడ విమానం పోతున్నది,
నేను చెప్పిన మాట మీదనే పోతున్నది.
రెండు నిమిషాలు నేనేం పట్టుకోలే.
ఎన్నేండ్లకో.

ఇగ దిగాలె. ఇంజను తగ్గిస్తే
ముక్కు మల్ల దిగజారింది,
బరువు మల్ల నా మణికట్టుకొచ్చింది.
కోపం రాలే. తాళ్లు నానినయ్ అనుకున్న.

తెల్లారి ఎనుమాముల యార్డుల
ఓదెలు బస్తా దించుతుంటే
నా కుడిచెయ్యి సగం ముడుసుకొని ఉన్నదట.
"ఏం పట్టుకున్నవే?" అన్నది ఊడ్చే లచ్చవ్వ.
ఇప్పి చూపిచ్చిన, ఎర్రటి దుమ్ము.

కాంటా మీద చివరి అంకె ఇంకా వణుకుతున్నది.
సేటు "రాయి, రాయి" అంటున్నడు.
కుదురుకునేదాక ఆగిన.