బొగ్గు వేళ్ళు ఆగిన చోటు

రోండా లోయలో గని కార్మికుల గ్రంథాలయం.
కూలిలో పౌనుకింత అని కోసుకుని
పెన్నీ పెన్నీగా
భూమి అడుగునుంచి పైకి మోసుకొచ్చిన అలమారాలు.

నెస్టాకి పంతొమ్మిదేళ్ళు.
సహకార కొట్టులో వెన్న కోసి తూచే పిల్ల.
"రొట్టె ధర పెరిగింది.
మా నాన్న కూలి ఎందుకు తగ్గిందో చెప్పే పుస్తకముందా?
కాస్త సన్నటిది."

ఇద్వాల్ ప్రాసర్ నవ్వబోయి దగ్గాడు.
పదేళ్ళుగా ఆయన నవ్వులన్నీ
దగ్గులోనే తేలుతున్నాయి.
"సన్నటివి కరపత్రాలమ్మా.
వాటిలో జవాబులుంటాయి గానీ
నీ ప్రశ్న ఉండదు."

నిచ్చెనెక్కి దించాడు,
ఇటుకంత పుస్తకాన్ని.
"కూలి మీద అధ్యాయం, చూడు,
అక్షరం కానరానంత మసి.
అద్దె దగ్గర కొంచెం పలచన.
వడ్డీ దాకా వచ్చినవి రెండే వేళ్ళు,
ఒకటి మా తమ్ముడిది, పై కణుపు లేనిది.
నూట పన్నెండు దాటితే
అంతా మంచు కురిసిన కొండ.
ఈ లోయ అక్కడిదాకే చదివింది.
నిద్రే ముంచుకొచ్చిందో, సమ్మే వచ్చిందో,
గని కప్పే కూలిందో."

వేలిముద్ర
చదువురాని చేతి సంతకమని
ఎవరన్నారో!

"దీనికి తోడు ఇదీ పట్టుకెళ్ళు."
ఆకుపచ్చ అట్ట. గని యజమానుల పక్షం వాడు రాసింది.
ఎక్కడా మరక లేదు.
"ఎవరూ ముట్టుకోలేదా?"
"నేను ముట్టాను, చేతులు కడుక్కుని.
బాగా రాశాడు, పాపిష్టివాడు.
నాలుగో అధ్యాయానికి
ఈరోజుకీ నా దగ్గర బదులు లేదు.
నీకు దొరికితే చెప్పిపో."

'విలువ' అన్న మాట దగ్గర
నెస్టా మూడు రాత్రులు చతికిలబడింది.
బరువు తెలుసు, ధర తెలుసు.
ఈ మూడోదాన్ని
ఏ తక్కెడలో వెయ్యాలి?
చెల్లెలు దీపం ఆర్పమని గొణిగింది.
ఆర్పింది. మళ్ళీ వెలిగించింది.

మూడు వారాలు ఆలస్యంగా తెచ్చిచ్చింది.
ప్రాసర్ పేజీలు తిప్పాడు.
నూట పదమూడు మీద
వెన్న మరక, గుండ్రంగా, బొటనవేలంత.
దీపానికి అడ్డం పెట్టి చూస్తే
అందులోంచి
వెనక పేజీ మాటలు కనబడుతున్నాయి.

చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.
తర్వాత చిట్టా తీసి
జరిమానా రెండు పెన్నీలు రాసుకున్నాడు.
"మరి నాలుగో అధ్యాయం?"
"వాడిది తప్పే.
ఎక్కడో మాత్రం ఇంకా తెలీలేదు."
"అయితే," అని
ఆకుపచ్చ పుస్తకాన్ని
బల్లమీద ఆమెవైపే తోశాడు.