పన్నెండో గది రిపోర్టు

విన్నిపెగ్‌లో, లైబ్రరీ కింది అంతస్తులో
గురువారం రాత్రి ఏడింటికి నా క్లాసు.
బూట్ల నుంచి కరిగిన మంచు
కుర్చీల కింద మడుగు కడుతుంటుంది.
పదకొండు మంది. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళో
డ్యూటీ ఎక్కబోయేవాళ్ళో.
కోళ్ళ ఫ్యాక్టరీ, హోటల్ పక్కలు, ముసలివాళ్ళ హోం.

నేను వాళ్ళకి కథలు నేర్పను.
"దేవుడి దయవల్ల తమరు క్షేమమని తలుస్తాను"
ఈమెయిల్లో కనబడితే కొట్టేస్తాను.
విషయం మొదటి వాక్యంలోనే రావాలంటాను.
నాది ఎర్ర కలం కాదు, ఆకుపచ్చది.
నొప్పి మాత్రం అదే అంటాడు గస్సాన్.

లెతెబ్రహాన్‌ది చివరి కుర్చీ.
కెరెన్‌లో పుట్టింది. మూడు భాషల్లో బేరమాడగలదు,
నాలుగోదాంట్లో సంతకం పెట్టాలన్నా చెయ్యి తుడుచుకుంటుంది.
ఈ వారం హోంవర్కు బదులు
సూపర్‌వైజర్ తిప్పికొట్టిన కాగితం తెచ్చింది.

"నేను పన్నెండో గది తలుపు తీశాను.
మిస్టర్ థోర్వాల్డ్‌సన్ నేల మీద.
గుర్రాలకి నీళ్ళు పెట్టారా అని అడిగాడు.
పెట్టాను అన్నాను. ఏడుపు ఆపాడు.
ఎత్తే మిషన్ పాడు. నేనూ జోసీ దుప్పటితో ఎత్తాం.
నా చేతులు చాలా వణికాయి."

పైన మూలలో ఒక్క ముక్క:
ప్రొఫెషనల్‌గా రాయండి.

సరే, నాకు జీతమిచ్చేది ఇందుకే.
గుర్రాలు కొట్టేశాను. వణుకు కొట్టేశాను.
ఏడుపు తీసి "అయోమయ స్థితి" పెట్టాను.
బోర్డు మీద రాసి చూపించాను:
మూడు నలభైకి నివాసి నేల మీద కనుగొనబడెను.
దుప్పటి సాయంతో మంచం మీదికి చేర్చబడెను.
మిషన్ వాడబడలేదు.
ఇస్త్రీ చొక్కాలా ఉంది. నాకే ముచ్చటేసింది.

ఆమె నెమ్మదిగా ఎక్కించుకుని, చెయ్యెత్తింది.
"టీచర్, ఇందులో అన్నీ పడుతూనే ఉన్నాయి.
ఎవరూ ఏమీ పడెయ్యలేదు."
తర్వాత, ఇంకా చిన్న గొంతుతో:
"మిషన్ వాడబడలేదు అంటే
నేనే వాడలేదనుకుంటారు. పాడైందని ఎక్కడుంది?"

జవాబు పుస్తకంలో ఉంది, ముప్పై ఒకటో పేజీ:
కర్త ముఖ్యం కానప్పుడు ఈ పద్ధతి వాడండి.
చదవబోయి, పేజీ మీద వేలు పెట్టి ఆగాను.

మా అమ్మకీ ఇంగ్లీషు రెండో భాషే.
ఇరవై రెండేళ్ళు కోట్ల ఫ్యాక్టరీలో కుట్టింది.
వేలు నలిగిన రోజు వాళ్ళిచ్చిన కాగితం
ఇప్పటికీ నా సొరుగులో ఉంది:
"సూది వలన గాయము కలిగినది."
ఆ కాగితమంతటిలో సూది తప్ప
మనుషులెవరూ లేరు.

"తారీఖులున్నాయా?" అని అడిగాను.
కోటు లోపలి జేబులోంచి బుల్లి డైరీ తీసింది.
అంతా వాళ్ళ లిపి. నాకు అంకెలే తెలుస్తున్నాయి:
నాలుగు, పదకొండు, పందొమ్మిది.
"ఎవరికి చెప్పావు?"
"డనింగ్."
"అయితే నేను అని మొదలుపెట్టు.
భయమేస్తే వాక్యం చిన్నది చెయ్యి, చాలు."

నాలుక పంటి కింద పెట్టుకుని రాసింది.

"నేను నాలుగో తేదీన మిస్టర్ డనింగ్‌కి చెప్పాను.
నేను పదకొండున చెప్పాను.
నేను పందొమ్మిదిన రాసిచ్చాను.
ఇరవై రెండున మిస్టర్ థోర్వాల్డ్‌సన్ పడ్డాడు."

క్లాసులో ఎవరూ దగ్గలేదు.
డనింగ్‌లో ఒక అక్షరం తగ్గింది. అది చేర్చాను.
అంతకంటే నాకు పనేమీ మిగల్చలేదు.

అడుగున, గీతకి కిందుగా, ఇరికించిన ఒక వరస:
"గుర్రాల సంగతి అడిగాడు. నీళ్ళు పెట్టానన్నాను."
"ఇది ఉంచుకోవచ్చా?"
రూలు ప్రకారం అనవసర వివరం.
కలానికి మూత పెట్టేశాను.

తొమ్మిదిన్నర బస్సుకి పరిగెత్తింది,
పదకొండింటికి మళ్ళీ పన్నెండో గది.
నేను బోర్డు తుడిచాను.
ఎంత రుద్దినా
"బడెను" మాత్రం సరిగ్గా చెరగలేదు.