ఆటూ పోటూ

నరసాపురం రేవులో పంటు ఎక్కుతుంటే
బొమ్మిడి పెద్దిరాజు నా భుజాన సంచీ చూసి
"ఏం గేలాలండీ అవి, ఇంత లావున్నాయి?" అన్నాడు.
గేలాలే అన్నాను.
ఇరవై రెండేళ్ళుగా వేస్తున్నాను.
పడ్డవి తక్కువ.

నడి గోదాట్లో ఇసుక మేట తగిలి పంటు ఆగింది.
మోటారు సైకిళ్ళు, కొబ్బరి పీచు మోపులు,
పెళ్ళికి పోతున్న మేళగాళ్ళు, నేను.
"ఆటు మీదుంది. పోటు రావాలి" అని
పెద్దిరాజు బీడీ ముట్టించాడు.
ఈ మాటే చెప్పడానికి బెంగళూరు కోచ్
గంటకి నాలుగు వేలు పుచ్చుకున్నాడు.

మొదట నేను ఆడలేదు, వెతికాను.
గ్యాసు కంపెనీ కాలనీ వెనక
తొమ్మిది గుంతల పచ్చిక, పక్కనే పంట కాలవ.
ఆఫీసర్లు కొట్టిన బంతులు అందులో పడితే
మోకాలి లోతు బురదలో
కాలివేళ్ళతో తడిమేవాణ్ణి,
పీతల్ని తడిమినట్టే, కరుస్తాయన్న భయం లేకుండా.
బంతికి రెండు రూపాయలు.
పగిలిన బంతికి తిట్టు.
మలయాళీ ఇంజనీరొకాయన బదిలీ మీద పోతూ
తుప్పు పట్టిన ఏడో నంబరు కర్ర చేతికిచ్చాడు.
దాని పిడికి నాన్న వలతాడు చుట్టాను.
వల విసిరే ఇంట్లో పుట్టినవాడికి
నడుం తిప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు.

కలకత్తాలో గెలిచిన ఆదివారం
కొల్లాటి శేషావతారం బోర్డులో పట్టక
'శేషా' దగ్గర ఆపేశారు.
పూర్తి పేరు మా పల్లిపాలెం ఫ్లెక్సీ మీద పడింది,
ఎవరో క్రికెట్ ఆటగాడి ఒంటికి
నా తల అతికించి.
ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
అత్త మాత్రం రొయ్యలు ఒలుస్తూ అడిగింది:
"ఎంత కొట్టావురా?"
"పదహారు తక్కువ."
"అయ్యో, పోన్లే. వచ్చేసారి ఎక్కువ కొడుదువు గాని."

ఎక్కువే కొట్టాను అత్తా, ఆ తర్వాత.
పూణేలో డెబ్బై ఆరు.
ఢిల్లీలో, ఎండలో, డెబ్బై తొమ్మిది.
మూడొందల గజాలు చెప్పిన మాట విన్న బంతి
గుంతకి మూడడుగుల్లో ఆగేది.
అక్కడ నా కుడి మణికట్టు
వలలో చేప తన్నుకున్నట్టు
ఒక్కసారి ఎగిరేది, నన్నడక్కుండా.
డాక్టరు దానికేదో పేరు చెప్పాడు.
బూట్ల కంపెనీ ఏమీ చెప్పకుండానే పోయింది.
సంచి మోసే గురవయ్య, రెణ్ణెల్ల జీతం బాకీ,
బస్సు చార్జీ నా దగ్గరే తీసుకుని
ఓ కుర్రాడి సంచి కిందికి మారాడు.
తప్పు పట్టను. పిల్లలు గలవాడు.

మొన్న కార్డు పోయింది, ఒక్క దెబ్బలో.
నాలుగు రోజులు, రెండొందల ఎనభై తొమ్మిది దెబ్బలు,
వాటిలో ఏదో ఒకటి.
ఏదని రైల్లో రెండు రాత్రులూ వెతికాను
కాలివేళ్ళతో.

పంటు ఇంకా కదల్లేదు.
చెప్పులు విప్పి మేట మీదికి దిగాను.
ఆటు తీసిన ఇసుక, సిమెంటు గచ్చులా.
మూడడుగుల అవతల ఓ పీత కన్నం,
బంతికి సరిగ్గా సరిపడా.
పొట్టి కర్ర తీశాను.
మేళగాళ్ళు మాటలాపారు.
మణికట్టు ఎగిరింది.
బంతి కన్నం అంచున తిరిగి పక్కకి పోయింది.
పీత బయటికొచ్చి చూసి లోపలికి పోయింది.

"మళ్ళీ కొట్టండి" అన్నాడు డోలు అతను,
"ఇక్కడ అడిగేవాడెవడు?"
మళ్ళీ కొట్టాను. మళ్ళీ.
ఎన్ని కొట్టానో లెక్కపెట్టలేదు,
కర్ర పట్టాక ఇదే మొదలు.
పాదాల కింద ఇసుక మెత్తబడింది.
"వచ్చేయండి, నీళ్ళెక్కుతున్నాయి!"
చివరి బంతి కన్నంలో పడిందో,
పోటులో పోయిందో
చూళ్ళేదు.

పంటు కదిలాక పెద్దిరాజు చెయ్యి చాచాడు.
మనిషికి పదిహేను.
సంచీ వంక ఓసారి చూసి
"గేలాలకి వద్దులెండి" అన్నాడు.